తేలని పన్నెండు వేలు

బ్యాంకు తలుపులు తీసేసరికే ఆమె మెట్ల మీద నిలబడి ఉంది. మరిది రాడేమో, వచ్చినా సంతకం పెట్టడేమో, పెట్టేలోపే అతని కార్డుతో డబ్బంతా ఊడ్చేస్తాడేమో అని ఒకటే గుబులు. భర్త పోయాక అన్నదమ్ముల దర్జీ కొట్టు రెండు ముక్కలైంది. ఉమ్మడి ఖాతా మూసి చెరిసగం పంచుకుంటే, తన వరండాలోనే మిషను పెట్టుకుని కూతుర్ని చదివించుకోవాలని ఆమె ఆశ.

మరిది పదకొండింటికి వచ్చాడు. నేరుగా కౌంటరు దగ్గరికి నడిచాడు.

కౌంటరులో ఉన్నావిడ కంప్యూటరు తెర వంక చూసి పెదవి విరిచింది. "ఈరోజు మూయడం కుదరదమ్మా. నిన్న కార్డు గీకారు. ఆ పన్నెండు వేలు ఇంకా పెండింగులో ఉన్నాయి."

"కట్టేశానుగా!" అందామె. "మిషన్ల షాపులో చీటీ కూడా ఇచ్చారు."

"మేం పక్కన పెట్టాం. షాపువాళ్ళు ఇంకా తీసుకోలేదు. రెండు మూడు రోజులు పడుతుంది. అది తేలేదాకా మూయం."

మరిది పకపకా నవ్వాడు. "నేనేదో దోచుకుంటానని అందరికీ చాటింపేసి, ముందు చెయ్యి పెట్టింది మా వదినగారన్నమాట!"

"మిషనుకి బయానా ఇచ్చానయ్యా. నువ్వు ఊడ్చేస్తే నాకేం మిగులుతుందోనని. నా సగంలోంచే తీసెయ్."

"ఆ కబుర్లొద్దు. వెళ్ళి రద్దు చేయించుకురా."

"రద్దుకి అదే కార్డు తేవాలని చీటీ మీద ఉంది." ఆమె గొంతు తగ్గింది. "ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని, ఇంటికి రాగానే కత్తెరతో ముక్కలు చేసేశాను."

కౌంటరావిడ నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దింది.

"నీ భయం తగలెయ్య! నేను మళ్ళీ రాను. నీ చావు నువ్వు చావు," అంటూ మరిది జేబు తడుముకున్నాడు. అందులోంచి అతని కార్డు అంచు కనిపించింది. ఆమె గుమ్మం వైపు చూసింది. ఏటీఎం గుమ్మం పక్కనే ఉంది.

"అమ్మా, అది తేలేదాకా ఎవ్వరూ పైసా తియ్యకుండా ఆపొచ్చా?"

"మీ ఇద్దరిలో ఒకరు రాసిచ్చినా ఆపుతాం. పక్కన పెట్టిన పన్నెండు వేలు మాత్రం షాపుకి వెళ్తాయి. మళ్ళీ తెరవాలన్నా, మూయాలన్నా ఇద్దరూ రావాలి."

"కాగితం ఇవ్వండి."

"వదినా, వద్దు. నా డబ్బు కూడా ఉంది అందులో."

"ఉంటుంది. ఎక్కడికీ పోదు."

గబగబా రాయడంలో అక్షరాలు వంకర్లు పోయాయి. చెల్లదంటారేమోనని రెండుసార్లు చదువుకుని ఇచ్చింది. కౌంటరావిడ తెర మీద ఏదో నొక్కి, కాగితం మీద ముద్ర కొట్టింది.

"నీలాంటి గయ్యాళిని ఎక్కడా చూళ్ళేదు!"

"శుక్రవారం పదింటికి రా. రాకపోతే నీ సగం కూడా ఇక్కడే పడుంటుంది."

అతను తలుపు దబాలున తోసుకుపోయాడు. అద్దంలోంచి చూస్తే, ఏటీఎంలో కార్డు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఏటీఎంని ఒక్క గుద్దు గుద్ది వెళ్ళిపోయాడు.

ఆమె మిషన్ల షాపుకి ఫోను చేసింది. "నిన్న బయానా కట్టినావిడనయ్యా. రద్దుకి కాదు. నా డబ్బు తీసుకోడానికి మీకింత బద్ధకమేంటి?"