గుర్తులు: ఏమీ లేవు

నేను ఒక జవాబును. ఎవరూ అడగకముందే సిద్ధంగా ఉండే జవాబును. ఓ పెద్ద సర్కారు దవాఖానలో, శవాగారం పక్కగదిలో, కంప్యూటర్ తెర మీద నా కాపురం. గుర్తు తెలియని శవం వచ్చినప్పుడల్లా అక్కడ ఒక ఫారం నింపుతారు. వయసు, ఎత్తు, బట్టలు అయ్యాక ‘పుట్టుమచ్చలు, పచ్చబొట్లు’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘ఏమీ లేవు’ అని కూర్చునేది నేనే.

నన్ను పుట్టించింది ఆపరేటర్ స్వరూప. చెడ్డమనిషి కాదు సుమా! ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం సేవ్ కాదు. శవాగారం నుంచి వచ్చే చీటీల్లో చూస్తే ఆ వివరం ఉండేదే తక్కువ. ‘ఏమీ లేవు’ అనే మాట కొట్టికొట్టి విసిగి, ఒకనాడు నన్ను డిఫాల్ట్‌గా పెట్టేసింది. అప్పట్నుంచి కొత్త ఫారం తెరవడమే ఆలస్యం, నేను హాజరు. "ఒక్క గడి ఖాళీ లేదు, శభాష్!" అన్నాడు పైఅధికారి. గడి నిండితే చాలు మనుషులకు, దేంతో నిండిందో ఎవడు చూడొచ్చాడు? సిగ్గులేకుండా నేనూ పొంగిపోయాను.

శ్రావణంలో వాగులు పొంగాయి. ఒక్కరోజే పదకొండు శవాలు. ఒంటి మీది బట్టలు వాగే గుంజుకుంది, ముఖాలు కన్నతల్లి కూడా పోల్చలేనంత ఉబ్బాయి. ఏడో శవం చీటీలో మాత్రం శవాగారం పనివాడు ఎల్లేష్ ‘కుడిచేతి మీద పచ్చబొట్టు, కొమురమ్మ అని పేరు’ అని రాసే పంపాడు. స్వరూప వయసు కొట్టింది, ఎత్తు కొట్టింది. నా గడి నిండే ఉందాయె! వేలు ఆగకుండా దాటిపోయింది.

మర్నాడు ఆ కొమురమ్మే వచ్చింది, వాగులో కొట్టుకుపోయిన పెనిమిటి ఓదెలును వెతుక్కుంటూ. కంప్యూటర్‌లో తేలనిదే ఎవరినీ లోపలికి పంపరు.

"మొఖాలు గుర్తువట్టరావంటున్నరు బిడ్డా. మా ఆయన కుడిచేతి మీద నా పేరుంటది. జాతర్ల పొడిపిచ్చుకున్నడు. జర సూడు."

స్వరూప పచ్చబొట్టు ఉన్నవాళ్ల కోసం వెతికింది. పదకొండు ఫారాల్లోనూ నేనే పలికాను.

"అసొంటి శవం ఈడ లేదు పెద్దమ్మా. వేరే దవాఖానల అడుగు."

గోడకవతలే ఉన్నాడే తల్లీ అని అరవాలనిపించింది. కానీ నాకు వచ్చినవి రెండే మాటలు.

పాపం, ఆమె మూడు ఊళ్ల దవాఖానలు తిరిగింది. ఇక్కడేమో ఎవరూ రాని శవాన్ని ఉంచే గడువు మూడు రోజులే. నాలుగోనాడు పొద్దున మున్సిపాలిటీ బండి వచ్చి, మిగిలిన వాళ్లందరినీ తీసుకెళ్లి ఒకే గోతిలో పూడ్చింది.

అదే సాయంత్రం కొమురమ్మ కాళ్లీడ్చుకుంటూ మళ్లీ వచ్చింది. గుమ్మంలో ఎల్లేష్ కనిపిస్తే వాడికీ పచ్చబొట్టు సంగతి చెప్పింది.

"కొమురమ్మంటే నువ్వేనా అక్కా? పొద్దుగాలనే తీస్కపోయిండ్రు గదనే!"

ఆమె గుండెలు బాదుకుంది. కళ్లు తుడుచుకుని, నేరుగా స్వరూప ముందుకొచ్చి నిలబడింది.

"నా పేరు చేతిమీద వెట్టుకొని మూడొద్దులు ఈడనే పండుకున్నడు. లేదని ఎవరు రాసిండ్రు బిడ్డా? ఎవరు రాసిండ్రో చెప్పు."

స్వరూప తెర వంక చూసింది.

"ఎవరూ రాయలే పెద్దమ్మా," అంది. "అది ముందుగాలనే ఉన్నది."