సాలీడు దులిపిన తరువాత

చుట్టుపక్కల వాతావరణ పరిశోధన కేంద్రాలన్నిటికీ కలిపి ఉన్నది ఒక్కటే విమానం. గాలిలోని ధూళినీ పొగనూ మబ్బులనూ కొలిచే పరికరాలు దాని నిండా ఉంటాయి. ఈ ఏటికి మిగిలింది ఒక్క ప్రయాణం. ఉత్తపుణ్యానికి పిలిపించుకుంటే, మిగతావాళ్ళ నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టే.

వాటిలో ఒక కేంద్రం డాబా మీద సూర్యుడి వెంటే తిరుగుతూ ఎండను కొలిచే గొట్టం ఒకటుంది. ఆ మధ్యాహ్నం దాని గీత తెర మీద కిందికి జారింది. అక్కడ పొగ మీద పరిశోధన చేసే ఆమె కుర్చీలోంచి దిగ్గున లేచింది. ఎక్కడో అడవులు తగలబడిన పొగ, కంటికి కనిపించనంత పల్చగా, తన నెత్తి మీదికి వచ్చేసింది!

ఆ వెంటనే అనుమానం. కావాలని కోరుకున్నాను కనుకే కనిపిస్తోందా? నిరుడు ఇలాగే పొగ వచ్చిందని అందరికీ చాటింది. తీరా చూస్తే గొట్టంలో సాలెగూడు. అప్పటినుంచి అన్ని కేంద్రాల్లోనూ ఆమె సాలీడమ్మే.

"వదినా, గొట్టంలో ఏమైనా ఉందేమో చూడవా?" అని కిటికీలోంచి అరిచింది. పరికరాల బాగోగులు చూసేది ఆడపడుచే.

"ఉందే! మీ పుట్టింటివాళ్ళే, ఎనిమిది కాళ్ళతో దిగారు!"

ఆమె నవ్వలేకపోయింది.

"దులిపేశాను. ఇప్పుడు చూడు."

చూడాలంటే భయం. చూడకుండా ఉండలేకపోయింది. గీత కాస్త లేచి, ఆగిపోయింది. ఇంకా కిందే ఉంది!

ఫోన్ మోగింది. విమానం పంపే పెద్దాయన.

"సాలీడమ్మా, అవునా కాదా? అవతల మబ్బుల మీద పనిచేసేవాళ్ళు విమానం తమకే కావాలని నన్ను పీక్కు తింటున్నారు. ఈసారీ సాలీడేనా?"

సాలీడు లేదనడం ఎంత తేలిక!

"ఉందండీ. తీసేశాం. అయినా పొగ ఉంది. రండి."

"సరే, వస్తున్నాం."

విమానం నెత్తి మీదికి వచ్చేసరికి అన్ని కేంద్రాలూ ఒకే ఫోన్ లైనులో చెవులు రిక్కించి ఉన్నాయి.

"ఏమీ లేదు," అన్నాడు పైలట్. "ఇంకా పైకి వెళ్తున్నాం. ఏమీ లే... ఆగండాగండి! అంకెలు ఎగిరిపోతున్నాయి! కాలిన కట్టె వాసన!"

లైను కేకలతో అదిరిపోయింది. "మా మబ్బుల ప్రయాణం మింగేశావు కదమ్మా! పోనీలే, ఇంకా పైకి పొమ్మను, పై అంచు చూద్దాం!" అన్నారు మబ్బులవాళ్ళు.

ఆమె డాబా మీదికి పరుగెత్తింది. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది.

"నీకేమైనా కనిపిస్తోందా?" అంది వదిన, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి.

"ఏమీ లేదు వదినా!" అంటూ పకపకా నవ్వింది.