మలుపు దగ్గర ఫ్లాస్కు

పది రోజులుగా కాఫీ మానేసిన మనిషి ఎలా ఉంటుందో తెలియాలంటే, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే చెల్లెలిని చూడాల్సింది. తలనొప్పి, చిరాకు, పలకరిస్తే కరిచేలా ఉండేది. ఇదంతా కోచ్ గారి సలహా. అలవాటు తప్పించి, మారథాన్ రోజున ఆఖర్లో చిక్కటి కాఫీ తాగితే ఒళ్లు అలుపు మరిచిపోతుందట. మొదటి ఆరుగురికే రాష్ట్ర జట్టులో చోటు. వచ్చే ఏడాదికి ఆమెకు వయోపరిమితి దాటిపోతుంది. అందుకే ఆయన మాట తు.చ. తప్పకుండా పాటించింది.

కాఫీ అందించే పని అక్కది. పరుగు రోజు పొద్దున బేకరీలో రాత్రి షిఫ్టు ముగించుకుని, అటునుంచి అటే ఫ్లాస్కుతో వచ్చి ఆఖరి మలుపు దగ్గర కూర్చుంది.

అక్కడిదాకా ఎలా వచ్చిందో చెల్లెలికే తెలియదు. ఆమె కాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. అక్క కనిపించకపోతే ఫుట్‌పాత్ మీద కూలబడదామని నిశ్చయించుకుంది.

అక్క కనిపించింది, ఫ్లాస్కు తలకిందులుగా పట్టుకుని.

"తాగేశానే," అంది ఏడుపు మొహంతో. "కళ్లు మూతలు పడిపోతున్నాయి. నేను నిద్రపోతే నువ్వు వెళ్లిపోతావని భయమేసి, ఒక్క గుక్క అనుకున్నా. అంతా అయిపోయింది."

తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదా. చెల్లెలు ఉన్నచోటే ఆగిపోయింది.

"నిలబడ్డావేం? పరిగెత్తు!" అంటూ అక్క చెప్పులు చేతబట్టుకుని ఫుట్‌పాత్ మీద పరుగందుకుంది. బస్సు వెళ్లిపోతున్నా నడిచే మనిషి! కాఫీ మహిమ కాబోలు, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ, అరుచుకుంటూ పోతోంది. చెల్లెలికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కాళ్లూ కదిలాయి.

ఏడో స్థానం వచ్చింది.

సాయంత్రం అక్క మళ్లీ షిఫ్టుకు తయారవుతోంది. పగలంతా ఆ కాఫీ ఆమెను కన్ను మూయనివ్వలేదు. "అది నీ కడుపులో పడుంటే జట్టులో ఉండేదానివి," అంది.

చెల్లెలు కాళ్లీడ్చుకుంటూ రెండు కప్పుల కాఫీ తెచ్చింది. లోపల కోపం కోసం వెతికింది, దొరకలేదు. దుఃఖం మాత్రం బోలెడంత ఉంది.

"కాఫీ ఏం చేసేదో నాకు తెలీదు. నువ్వు నిద్రపోయుంటే మాత్రం ఆ మలుపు దగ్గరే కూర్చుండిపోయేదాన్నక్కా."

అక్క తన కప్పు కూడా చెల్లెలి ముందుకు జరిపింది.

"రెండూ నువ్వే తాగు. ఈ రాత్రి నాకు నిద్రొచ్చినా, ఆ దారిన ఎవరూ పరిగెత్తుకుంటూ రారుగా."