సూబ్రాయన్ బస్సు ఆగే చోటు

దక్షిణాఫ్రికాలో డర్బన్‌కు ఉత్తరాన, షాకాస్‌క్రాల్ ఊరు దాటి చెరకుతోటల మధ్యకు వచ్చేసరికి సూబ్రాయన్ కడుపు మెలితిప్పింది. పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆపి, పొడుగాటి కాళ్లతో పెద్ద పెద్ద అంగలేసి మరుగుదొడ్డిలోకి దూరాడు. బస్సులో ఎవరూ విసుక్కోలేదు. ముందు సీట్లో మంగమ్మ గోవింద నామం ఎత్తుకుంది. వెనక కూర్చున్న జూలూ ఆడవాళ్లు చప్పట్లతో అందుకున్నారు. డ్రైవరు సిగ్గుపడకూడదని మంగమ్మ పెట్టిన ఆచారం అది. అతను తిరిగొచ్చేదాకా పాట ఆగదు.

ఒకప్పుడు ఆ మరుగుదొడ్డి తెల్లవాళ్లది. తెల్లవాళ్లకు మాత్రమే అన్న బోర్డు పీకేసి కొన్నేళ్లయినా ధైర్యం చాలక చెరకుతోటనే నమ్ముకున్నాడు. ఆకులు కోసుకుని ఒళ్లంతా మండేది. పోయినేడు ఏప్రిల్లో, అన్ని రంగులవాళ్లూ కలిసి మొదటిసారి ఓటేసిన రోజు మాత్రం దర్జాగా లోపలికెళ్లి, తెల్లటి పింగాణీ మీద కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు. స్వేచ్ఛ ఒక్కొక్కరికి ఒక్కోచోట తగులుతుంది మరి.

స్టాంగర్ ఊళ్లో బస్సు నిలిపి ఆసుపత్రికి నడిచాడు. ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్ జాహ్నవి పోయిన నెల అతని రక్తాన్ని పరీక్షకు డర్బన్ పంపింది; ఫలితం ఇవాళ వచ్చింది. అతనిది పేగు వాచి పుండ్లుపడే జబ్బు. అది పెద్దపేగుదే అయితే దాన్ని తీసేసి, చిన్నపేగుతో సంచి కుట్టొచ్చు. పేగంతా ఎక్కడైనా పాకే రకమైతే ఆ దారి లేదు, బస్సుకు దండం పెట్టాల్సిందే.

"డాక్టరమ్మా, నా బస్సు ఉంటాదా, పోతాదా? అది సెప్పు, సాలు."

జాహ్నవి నవ్వింది. "మీ సొంత తెల్లకణాల మీదికే తిరగబడే యాంటీబాడీలు కనిపించాయండీ. అవి ఉంటే పెద్దపేగు రకమే అయ్యే అవకాశం ఎక్కువ. పేగు ముక్క తీసి చేసిన పరీక్షా అదే అంటోంది. సర్జన్ ఒప్పుకున్నారు. కాకపోతే ఇవి ఉన్నవాళ్లకి ఆ కొత్త సంచి ఒక్కోసారి వాస్తుంది. మందులున్నాయి."

"బస్సు?"

"కోలుకున్నాక నడుపుకోండి. కడుపు ఇంత తొందర పెట్టదు."

సూబ్రాయన్ సంతోషం పట్టలేకపోయాడు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

సాయంత్రం ఆఖరి ట్రిప్పులో మంగమ్మకు చెప్పాడు. "నా ఒంట్లోవోళ్లే కొట్టుకుంటుండారంట అక్కా. రేపు డర్బన్ పోతా, కోస్తారు."

"కొట్టుకోనీరా. కొట్టుకోని ఇల్లేడుంది?" అంది మంగమ్మ. "పొయ్యి, బాగయి రా."

బస్సంతా నవ్వింది. దిగేటప్పుడు జూలూ ఆడవాళ్లు ఒక్కొక్కరే చెయ్యి కలిపి, క్షేమంగా వెళ్లమని "హంబా కాహ్లే" అన్నారు. తాళాలు లోగన్ అనే కొత్త డ్రైవరుకిచ్చి, ఈల వేసుకుంటూ ఇంటికి నడిచాడు.

మర్నాడు లోగన్ సీట్లో కూర్చుని అద్దం సరిచేసుకున్నాడు. గేరు పక్కన తాడుకు వేలాడుతోంది సగం అయిపోయిన టాయిలెట్ పేపరు చుట్ట, శుక్రవారం బస్సు పూజలో సూబ్రాయన్ పెట్టిన కుంకుమ బొట్టుతో.