బావ అతికిన తీగ

దవాఖాన వరండాలో పదిమంది ముందు మా బావను తిట్టాను. అప్పుడే ఆయన కుడిచేతికి సిమెంటు పట్టీ వేసి బయటికి పంపారు. మణికట్టు విరిగింది. నొప్పితో మొహం పీక్కుపోయి ఉన్న మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వాల్సింది పోయి నోరు పారేసుకున్నాను.

"తీగలంటె పోగులనుకున్నవా బావా? బూడిద రాసి మెలిపెడ్తె నడుస్తదనుకున్నవా?"

అక్కడున్న వాళ్లలో ఇద్దరు నవ్వారు. బావ తల దించుకున్నాడు.

నాకు రామన్నపేట బస్టాండు పక్కన బండ్లు బాగుచేసే దుకాణం ఉంది. బావ దశరథ మా అక్క ఆండాళు మొగుడు. పక్క ఊళ్లో మగ్గం నేస్తాడు. మా ఇళ్లలో నిలువు పోగుల పడుగు ఒకటి అయిపోతే, మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలి తిప్పితే అతుక్కోవాలి. బావ అతుకుతుంటే వేళ్లు కనిపించవు. నేను అతికితే గుంజగానే ఊడేవి. "వీని చేతికి అతుకు రాదు" అని మా బాపు చుట్టాలందరి ముందూ అన్న రోజే నేను మగ్గం గుంటలోంచి లేచి వచ్చి పానా పట్టుకున్నాను. ఆ మాట ఇన్నేళ్లయినా కడుపులో అట్లాగే ఉంది. వరండాలో నా నోట వచ్చింది అదే విషం.

బావకు ఉన్నది ఒక పాత మోటారుబండి. నూలు తేవడానికీ, నేసిన చీరలు సావుకారికి ఇవ్వడానికీ దాని మీదే తిరుగుతాడు. మొన్న వానాకాలంలో ఒకసారి రంగు వేసిన నూలు తడిసి ఎరుపంతా తెలుపులోకి దిగింది. నెల పని బురదలో పోసినట్లయింది. అప్పుడు అక్క నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, బండికి ఎన్క ఒక పెట్టె గట్టియ్యి, వాన సుక్క లోపలికి పోవద్దు" అంది. రేకు పెట్టె చేయించి, సీటు వెనక పట్టీలు వేసి నేనే బిగించాను. నా దగ్గర సరైన బోల్టు లేక కొంచెం పొడుగుది వేశాను. కొస తర్వాత కోద్దామనుకున్నాను. బావకు తొందర, నాకు బద్ధకం.

తర్వాత బావ మూడుసార్లు వచ్చాడు. "బామ్మర్దీ, పెట్టెల సరుకు ఉంటె లైటు కొట్టుకుంటాంది, ఉత్తగ ఉంటె మంచిగనే ఉంటాంది" అన్నాడు.

"లైటుకేం తెల్సు బావా నీ పెట్టెల చీరలున్నయో లేవో!" అని ఎగతాళి చేశాను. ఒకసారి బల్బు మార్చాను, రెండుసార్లు ఫ్యూజు మార్చాను. మూడుసార్లూ ఖాళీ పెట్టెతోనే నడిపి చూసి, బాగుందని పంపించాను.

ఆ తర్వాత ఒకనాడు చీకటి పడ్డాక, పెట్టె నిండా నూలుతో వస్తుంటే లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. రోడ్డు పనికి పోసిన కంకర కుప్ప ఆయనకు కనిపించలేదు.

వరండాలో బావే ముందు ఒప్పుకున్నాడు. "తప్పు నాదే. ఎలుక హారన్ తీగ కొరికితె, నువ్వు ఊర్ల లేవని నేనే అతికిన. గదే ఊడి ఉంటది." తిట్టడానికి ఆ మాటే నాకు దొరికింది.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. ఏడుపు గొంతు.

"తమ్మీ, మీ బావ మగ్గం ఇప్పేస్త అంటున్నడు. చెయ్యి మానినా మగ్గంల కూసోడట. చౌటుప్పల్ల వాచ్‌మన్‌గ పోతడట. నా అతుకే నన్ను పడేసింది, ఇగ నా చేతిని ఎట్ల నమ్మాలె అంటున్నడు. బండి ఫొటోలు ఫోన్ల పెట్టి అమ్మేయి అంటున్నడు."

అమ్మే ముందు బాగుచేద్దామని మర్నాడు పొద్దున బండి తెచ్చి విప్పాను. హెడ్‌లైటు కింద బావ అతికిన తీగ దొరికింది. రాగి తీగల కొసలు మెలిపడి, పైన గుడ్డ పేలిక చుట్టి, నూలు పోగుతో కట్టి ఉంది. గుంజాను. పట్టకారుతో పట్టి మళ్లీ గుంజాను. ఊడలేదు.

కొత్త ఫ్యూజు పెట్టి స్విచ్ వేస్తే అన్నీ వెలిగాయి. అప్పుడు బావ మాట గుర్తొచ్చింది. పెట్టెలో రెండు పాత బ్యాటరీలు పెట్టాను. పెట్టె కాస్త కిందికి దిగింది, ఫ్యూజు టప్పున కొట్టేసింది. సీటు ఎత్తి చూశాను. నేను కోయకుండా వదిలేసిన బోల్టు కొస తీగల కట్టలో దిగబడి ఉంది. బరువు పడినప్పుడల్లా అది తీగను కొరికి రాగిని బయటికి తీసింది.

బోల్టు కొస కోశాను. తీగకు టేపు చుట్టాను. ఐదు నిమిషాల పని. అడిగేవాడు లేడు, చూసినవాడు లేడు. బండి అమ్మేస్తే నా పేరు నిలబడుతుంది, బావ మగ్గం పోతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాసేపు ఆ ఆలోచనతో కూడా కూర్చున్నాను. తర్వాత కోసిన ముక్కను జేబులో వేసుకుని అదే బండి మీద వాళ్ల ఊరికి పోయాను.

అక్క మగ్గం ముందు కూర్చుని కొత్త పడుగు అతుకుతోంది. పక్కన కొబ్బరి చిప్పలో బూడిద. బావ గోడవైపు తిరిగి మంచం మీద ఉన్నాడు. పక్కింటి వీరేశం, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు పరామర్శకు వచ్చి ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగుదామనిపించింది. ఆగలేదు. ఇనుప ముక్క తీసి బావ ముందు పెట్టి అంతా చెప్పేశాను.

బావ దాన్ని చూడలేదు. "మరి నా అతుకు?" అన్నాడు.

"పట్టకారుతోని గుంజిన బావా. ఊడలె."

బావ లేచి కూర్చున్నాడు. "చెయ్యి ఇరిగినందుకు నేను నిన్నేమన. పడ్తం, లేస్తం. నా చేతిని నేనే దొంగను చూసినట్టు చూసుకునెటట్టు చేసినవ్ గద. వారం దినాలు."

ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అక్క లేచి వచ్చి బూడిద చిప్ప నా ముందు పెట్టింది.

"కూసో," అన్నాడు బావ.

కూర్చున్నాను. మొదటి అతుకు వేశాను. బావ మంచం దిగి వచ్చి ఎడమచేత్తో గుంజాడు. ఊడింది.

"మల్ల."

అది కూడా ఊడింది. వీరేశం గొంతు సవరించుకున్నాడు గాని నవ్వలేదు. ఎన్ని ఊడాయో లెక్క తప్పింది. వేళ్లు మండుతున్నాయి. చివరికి ఒకటి ఊడలేదు. బావ ఇంకోసారి గుంజి చూశాడు. బాగుందని అనలేదు. పక్క పోగు కొసను ఎడమచేతి వేళ్లతో వెతికి తీసి నా చేతికి అందించాడు.