ఛాసిస్ రత్నానిది, ఇంజన్ మస్తాన్‌ది

నేను ఒక జీపుని. అలా చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగానే ఉంటుంది. నా ఛాసిస్, అంటే అడుగు చట్రం, పెద్ద యుద్ధం నాటి పటాలం జీపుది. ఇంజన్, పైబాడీ అటవీ శాఖవాళ్లు వాడి వదిలేసిన ఇంకో జీపువి. గేర్‌బాక్సు ఏదో వ్యానుది, ముందు దీపాల్లో ఒకటి ట్రాక్టరుది. హారన్ ఎక్కడిదో నాకే తెలియదు. అది విన్నవాళ్లు వెనక లారీ వస్తోందనుకుని దారిచ్చేవాళ్లు, తీరా నన్ను చూసి నవ్వేవాళ్లు.

గూడూరు దగ్గర మైకా గనులు మంచి జోరుమీదున్న రోజుల్లో వెంకటరత్నం, మస్తాన్ అనే ఇద్దరు స్నేహితులు కలిసి ఒక చిన్న గని కౌలుకు తీసుకున్నారు. ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవాళ్లు. మద్రాసులో పటాలం బళ్ల వేలానికి వెళ్లి రత్నం నన్ను కొన్నాడు. తర్వాత అటవీ శాఖ వేలంలో మస్తాన్ ఇంకో జీపు కొన్నాడు. ఏ జీపు గొప్పదన్న విషయంలో తప్ప ఆ ఇద్దరికీ ఎప్పుడూ పేచీ వచ్చేది కాదు.

ఆ ఏడే రత్నానికి పెళ్లి కుదిరింది. పిల్ల పేరు కౌసల్య, వెంకటగిరి వాళ్లమ్మాయి. పిల్ల తండ్రి మహా జాగ్రత్త మనిషి. వీధి దాటాలన్నా ఎదురింటివాళ్లను ఒక మాట అడిగి దాటే రకం. అల్లుడిని చూడటానికి వచ్చినప్పుడు నా చుట్టూ కూడా ఒకసారి తిరిగి, టైర్లు నొక్కి, నా నంబరు గుర్తుపెట్టుకుని వెళ్లాడు.

ముహూర్తం దగ్గరపడిన రోజుల్లో, వాన వెలిసిన ఒక ఉదయం, రత్నం ఈల వేసుకుంటూ నన్ను గని దారిలో తోలుతున్నాడు. మనిషి ధ్యాస వెంకటగిరిలో ఉంది, చక్రం గూడూరు బురదలో ఉంది. పక్కనున్న పాత గని గుంతలోకి ఇద్దరం కలిసే దొర్లాం. అతనికి మోచేతులు గీసుకుపోయాయి. నాకు ఛాసిస్ వంగింది, ఇంజన్ పగిలింది, ఇక మిగిలింది నా నంబరు పలక ఒక్కటే.

మస్తాన్ గుంతలోకి దిగి ముందు స్నేహితుడి కాళ్లూ చేతులూ తడిమి చూశాడు. అంతా సరిగానే ఉందని తేలాక రాయి మీద కూర్చుని కడుపుబ్బ నవ్వాడు. రత్నం మటుకు ఏడుపు మొహం పెట్టాడు.

“మా మామకి తెలిస్తే పిల్లనియ్యడు బావా. రేపు నా కూతుర్ని గూడా ఇట్టనే గుంతలో ఏస్తావా అంటాడు.”

మస్తాన్ నవ్వు ఆపాడు. “పడింది నా జీపని చెప్దాం. తోలింది నేనని చెప్దాం. నాకు పిల్లనిచ్చినోళ్లు ఇచ్చేసినారు గదా, ఇంక వెనక్కి తీసుకుపోరులే.”

చెప్పడం తేలికే. కానీ మామగారు చూసిన జీపు పెళ్లినాటికి చెక్కుచెదరకుండా కనిపించాలి. అందుకని మస్తాన్ నిక్షేపంగా నడుస్తున్న తన జీపును తీసుకొచ్చి మేస్త్రీ ముందు నిలబెట్టాడు. మేస్త్రీ నా ఛాసిస్‌ను కాల్చి, కొట్టి, అతుకులు వేసి నిలబెట్టాడు. దానిమీదికి మస్తాన్ జీపు ఇంజన్, బాడీ ఎక్కించి, నా నంబరు పలక బిగించాడు. తక్కినవి దొరికినచోటి నుంచి దొరికినట్టు తగిలించాడు. పెళ్లికొడుకు నాలోనే ఊరేగాడు. మామగారు మళ్లీ నా టైర్లు నొక్కి, నంబరు చూసి, తృప్తిగా తలాడించాడు.

తర్వాతి సంగతే తమాషా. మస్తాన్ జీపు పడిందని చెప్పేటప్పుడు రత్నం మొదట్లో నేల చూపులు చూసేవాడు. కొన్నాళ్లకు తలెత్తి చెప్పడం నేర్చుకున్నాడు. ఇంకొన్నాళ్లకు ఆ కథకు వాన పెంచాడు, గుంత లోతు పెంచాడు, మస్తాన్‌ను పైకి లాగింది తనేనని కూడా కలిపాడు. బిడ్డ పుట్టి, ఆ బిడ్డ కథలు వినే వయసుకొచ్చేసరికి తను చెప్పేది తనే నమ్మేశాడు. మస్తాన్ పక్కనే కూర్చుని మీసాల్లో నవ్వుకునేవాడు.

మైకాకు గిరాకీ పడిపోయి గని మూసేసిన రోజున ఆ నవ్వు కూడా పోయింది. సామాన్లు పంచుకుంటున్నారు. జీపు తను తీసుకుంటానన్నాడు మస్తాన్. కూలీలందరూ చుట్టూ నిలబడి ఉన్నారు.

“నీ జీపు గుంతలో పడేసుకున్నోడివి. నా జీపు నీకెందుకిస్తా?” అన్నాడు రత్నం.

మస్తాన్ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. రత్నమూ పిలవలేదు. నన్ను ఇంటి వెనక రేకుల కింద నిలబెట్టాడు. తోలేవాడు కాదు, అమ్మేవాడూ కాదు. నన్ను కడిగేటప్పుడు మటుకు మస్తాన్‌ను తిడుతూ ఉండేవాడు. అలా తిడుతూ తిడుతూనే ముసలివాడై, పోయాడు.

అతని కూతురు ప్రమీల పశువుల డాక్టరు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నామీద పడింది. నేను అచ్చమైన యుద్ధకాలపు జీపునని ఆవిడ నమ్మకం. నా ఫొటోలు చెన్నైలో పాత బళ్ల సంఘం పెద్దమనిషికి పంపింది. ఆయన ఫోన్ చేసి, “ఇది జీపు కాదమ్మా, జీపుల సంత. ఛాసిస్ ఒక్కటే అసలుది. మిగిలినవన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టండి,” అన్నాడు.

రవణయ్య అనే మెకానిక్‌ను పిలిచి తీయించడం మొదలుపెట్టింది. ఇంజన్ దించి పాత ఇనుము కొట్టుకు పంపడానికి గుమ్మం దగ్గర పెట్టారు. అన్నేళ్లు నాలో కొట్టుకున్న గుండెను అలా గోనెపట్టా మీద చూడటం నాకేం బాగుండలేదు. తర్వాత ప్రమీల నా ఛాసిస్‌కు పట్టిన మడ్డి గీకి, తుడిచి, వంగి చూసింది. గొడ్ల కాళ్లు ఎన్నో కట్టిన చెయ్యి ఆవిడది. నా అతుకుల మీద వేలు పెట్టి ఒక్కసారిగా ఆగిపోయింది.

“విరిగి అతుక్కున్న ఎముక లాగుంది రవణయ్యా. గుంతలో పడింది ఈ బండేనా?”

“దొర్లకుండా ఇట్ట వంగదు డాక్టరమ్మా.”

“మరి ఇంజన్‌కు దెబ్బే లేదే.”

“అది వేరే బండిది గదా. మంచి బండిది.”

ప్రమీల మడ్డి చేతులతోనే ఇంట్లోకి వెళ్లింది. ఆ కిటికీ నా పక్కనే ఉంది కాబట్టి అంతా విన్నాను. తల్లి కౌసల్య చిక్కుళ్లు ఒలుస్తోంది.

“అమ్మా, గుంతలో జీపు పడేసింది ఎవరు?”

“మీ నాయనే,” అంది కౌసల్య, తలెత్తకుండా.

“నీకు తెలుసా?”

“పెళ్లైన వారంలోనే తెలిసింది. గని దారిలో పోతా ఒక్కచోట బండాపి, దిగి, చేత్తో నెట్టుకుంటా దాటించినాడు. మస్తానన్న అదే చోట పాట పాడుకుంటా తోలేవాడు. పడింది ఎవురో ఇంకొకరు చెప్పాల్నా?”

“మరి నాన్ననెందుకు అడగలేదు?”

“నాకోసం చెప్పిన అబద్ధం గదా. బాగుండిందిలే అనుకున్నా.” చిక్కుళ్ల మీద చెయ్యి ఆగిపోయింది. “గని మూసిన రోజు మటుకు నోరు తెరవాల్సింది. నేనుగూడా మెదలకుండా ఉండిపోతి.”

ఇంజన్ మళ్లీ నాలోకి వచ్చింది. చెన్నై పెద్దమనిషికి ప్రమీల ఫోన్ చేసి, సంత సంతగానే ఉంటుందని చెప్పేసింది. నాకు ఊపిరొచ్చిన మర్నాడు తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని గూడూరులో మస్తాన్ ఇంటి ముందు నన్ను ఆపింది. నా చప్పుడుకే ఆయన బయటికొచ్చాడు. నడుం వంగింది, మీసాలు తెల్లబడ్డాయి. నేరుగా వచ్చి నా బానెట్ మీద చెయ్యి వేశాడు.

“అన్నా,” అంది కౌసల్య, “మీ బావకి నోరు రాలా. తప్పు మాదేనని చెప్పేదానికి నేనొచ్చినా. ఎప్పుడో రావాల్సింది.”

“పెద్దమాటలెందుకులేమ్మా.” ఆయన బానెట్‌నే చూస్తున్నాడు. “వాడెప్పుడన్నా నా పేరెత్తినాడా?”

“వారం వారం ఎత్తేవాడు. బండి కడిగినంతసేపూ నిన్ను తిట్టేవాడు. ఇంకెవుర్ని గురించీ అంతసేపు మాట్లాడింది నేను చూళ్లా.”

మస్తాన్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగి, తువ్వాలు కళ్ల దాకా వెళ్లింది. తర్వాత ప్రమీలను దిగమన్నట్టు సైగ చేసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆయన కోడలు గుమ్మంలోంచి వద్దు వద్దంటున్నా వినలేదు. టీకొట్టు దాకా వెళ్లి వచ్చాం. వెనక ఆటోలు బారులు తీరాయి. ఆయన మొదటి గేరు దాటలేదు, నాకూ తొందర లేదు.

తిరిగొచ్చి ఇంజన్ ఆపాడు గానీ దిగలేదు.

“బండి మీ దగ్గరే ఉంచుకోండి మామా,” అంది ప్రమీల. “మొత్తం మీదే.”

“మొత్తం నాకొద్దు పాపా,” అన్నాడు మస్తాన్. “సగం చాలు. సగం వాడిదిగానే ఉండనీ.”