తోడల్లుళ్ళ కారు

మామగారు కారు నడపడం తనంతట తానే మానేశారు. ఒకరోజు తపాలాఫీసు ముందున్న ఉత్తరాల డబ్బాని మనిషనుకుని హారన్ కొట్టారు. అది తప్పుకోలేదు. కాసేపు ఓపికపట్టి, దిగి, దగ్గరికెళ్ళి చూసి, కారు అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు. ఆ సాయంత్రం ఇద్దరు కూతుళ్ళనీ ఇద్దరు అల్లుళ్ళనీ కూర్చోబెట్టి, రెండు తాళంచెవులు బల్లమీద పెట్టారు.

"చెరోవారం వాడుకోండి. ఎవరి వారంలో వాళ్ళు దాని బాగోగులు చూసుకోండి. సరేనా?"

ఆ "సరేనా"లో సన్నటి ఈల ఒకటి వినిపించింది. పెద్దల్లుడు కిటికీవైపు చూశాడు. చిన్నల్లుడు పైకప్పువైపు చూశాడు.

పెద్దల్లుడిది కట్టుడుపళ్ళు తయారుచేసే వృత్తి. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చులమీద మైనం పోసి, పళ్ళు పేర్చి, వెంట్రుకంత సందు కూడా లేకుండా అరగదీయడం అతని పని. మామగారి పళ్ళు కూడా అతనే చేశాడు, ప్రత్యేక శ్రద్ధతో. చిన్నల్లుడు రేడియోలో వాతావరణ వార్తలు చదువుతాడు. చెవి చురుకైనది. మామగారు కొత్తపళ్ళు పెట్టుకుని మొదటిసారి అందరితో కలిసి భోజనానికి కూర్చున్న రోజున అతను చాలా మర్యాదగా, "అన్నయ్యగారూ, మామయ్యగారు 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోంది, గమనించారా?" అన్నాడు.

"లేదు" అన్నాడు పెద్దల్లుడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. గొడవంటూ ఏమీ జరగలేదు. గొడవపడాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా.

కారు చేతులు మారే ఆదివారం ఒకరు తెచ్చి రెండోవారి గేటు ముందు నిలిపి, గంట కొట్టకుండా వెళ్ళిపోయేవారు. మిగతా సంగతులన్నీ అక్కాచెల్లెళ్ళ ఫోన్లమీద నడిచేవి.

"మీ చెల్లి మొగుడికి చెప్పు. సీటు అంత వెనక్కి తోస్తే నా కాలు క్లచ్చికి అందదు. ఆయనేమైనా పడుకుని నడుపుతాడేమో అడుగు" అనేవాడు పెద్దల్లుడు.

పెద్దకూతురు ఫోనెత్తి, "చెల్లీ, మీ ఆయన మంచి పొడగరి అని మీ బావగారు ఇప్పుడే అంటున్నారు" అనేది.

అటునుంచి కూడా సందేశాలు ఇలాగే, ఉడికించి చల్లార్చి వచ్చేవి.

కారు విషయంలో మాత్రం ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు. పెద్దల్లుడు తన వారంలో ఆదివారం పొద్దున్నే అంగడికెళ్ళి కూరగాయలు తెచ్చి, వచ్చీరాగానే బానెట్ ఎత్తేవాడు. ఇంజన్ వేడిగా ఉండగానే నూనె కొలిచే పుల్ల లాగి చూసేవాడు. అప్పటికి నూనె ఇంకా పైనుంచి కిందికి దిగనే దిగదు కాబట్టి, పుల్లమీద గుర్తుకి కాస్త కిందే కనబడేది. "చూశావా, వాళ్ళ వారంలో చుక్క కూడా పొయ్యలేదు" అని పెళ్ళాంతో అని, పోసేవాడు. చిన్నల్లుడికి కొలతలమీద అంత పట్టింపు లేదు. మొక్కకి నీళ్ళు పోసినట్టు వారానికింత పోస్తే చాలునని అతని నమ్మకం. అతనూ పోసేవాడు, "పాపం అన్నయ్యగారికి ఇవన్నీ తెలియవు" అని జాలిపడుతూ.

కొన్నాళ్ళకి కారు వెనక నీలం పొగ బయల్దేరింది. నీలం పొగంటే ఇంజన్ నూనె తాగుతోందన్నమాట అని ఇద్దరూ విడివిడిగా ఎవరినో అడిగి తెలుసుకున్నారు. తాగుతోందని తెలిశాక ఇద్దరూ ఇంకొంచెం ఎక్కువ పోశారు.

మామగారికి ఒక కంట్లో శుక్లం తీయించినప్పుడు పెద్దల్లుడి వారం నడుస్తోంది. ఆస్పత్రినుంచి తిరిగొస్తుంటే సన్నగా చినుకులు మొదలయ్యాయి. మామగారు కంటిమీద కట్టుతో వెనక సీట్లో నిటారుగా కూర్చుని, కనబడే రెండో కంటితో దారి చెబుతున్నారు. ఆ దారి పెద్దల్లుడికి పుట్టినప్పట్నుంచీ తెలిసిందే. ఒకచోట పసిపిల్లని బండిలో తోసుకుంటూ ఒకావిడ రోడ్డు దాటుతుంటే అతను పద్ధతిగా బ్రేకు నొక్కి ఆగాడు. ఆగిన వెంటనే వెనకనుంచి ఎవరో వాళ్ళని ముందుకి తోశారు.

పెద్ద దెబ్బేం కాదు. కానీ మామగారి పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. ఆయన వాటిని తుడిచి మళ్ళీ పెట్టుకుని, "ఎడమవైపు తిప్పు" అన్నారు.

వెనకున్నది రొట్టెల వ్యాను. దాన్ని నడుపుతున్న బేకరీ ఆవిడ మోచేతులదాకా పిండితో కిందికి దిగింది. వ్యానులో తట్టలు ఒకదానిమీద ఒకటి బోర్లాపడ్డ చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.

"ఆగేముందు చెప్పాలి కదండీ" అంది.

"బ్రేకు నొక్కాను. లైటు వెలుగుతుంది. అదే చెప్పడం" అన్నాడు పెద్దల్లుడు.

"వెలగలేదు."

"పోయిన ఆదివారమే కారంతా చూసుకున్నానమ్మా. టైర్లలో గాలి, రేడియేటర్లో నీళ్ళు, బ్రేకు నూనె, వైపర్లు, అన్నీ."

"వెనక లైట్లు?"

"అవీ చూశాను. వెనకే నిలబడి చూశాను, అద్దాలు తుడిచాను కూడా."

"మరి మీరు వెనక నిలబడితే లోపల బ్రేకు ఎవరు తొక్కారు?"

పెద్దల్లుడు వెళ్ళి వెనక లైటు అద్దాన్ని మళ్ళీ ఒకసారి తుడిచాడు. 

"మా ఇంట్లో నేను తొక్కుతాను, మా అమ్మ వెనక నిలబడుతుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అయినా నిలబడుతుంది" అంది ఆవిడ. సొట్టపడ్డ రెండు బండ్లనీ ఒకసారి చూసి, నలిగిన రొట్టెలు కొన్ని కాగితంలో చుట్టి మామగారి చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం పెద్దల్లుడి పని సాగలేదు. ముందుపళ్ళు రెండు వంకరగా పేర్చి, మైనం కరిగించి మళ్ళీ పేర్చాడు. మళ్ళీ వంకరే వచ్చాయి. వెనకొచ్చింది రొట్టెల వ్యాను కాబట్టి సరిపోయింది. కంకర లారీ అయ్యుంటే? వెనక సీట్లో కంటికి కట్టుతో ముసలాయన. ఆ లైట్లు ఎన్నాళ్ళనుంచి వెలగడం లేదో ఎవరికి తెలుసు? పిల్లల్ని ఎక్కించుకుని, వానలో, ఊరు దాటి కూడా వెళ్ళొచ్చారు. బల్లమీద వరసగా పెట్టిన ప్లాస్టరు దవడలన్నీ తననే చూస్తున్నట్టనిపించి, దీపం ఆర్పి బయటికొచ్చాడు.

బల్బులు కొనుక్కొచ్చి తనే బిగించాడు. బిగించాక అసలు ఇబ్బంది మొదలైంది. వెలుగుతున్నాయో లేదో చూసేదెలా? పళ్ళ లోపలివైపు చూడ్డానికి వాడే, పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దం పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బ్రేకు తొక్కి, కిటికీలోంచి చెయ్యి బయటికి సాచి, అద్దాన్ని అన్ని కోణాల్లోనూ తిప్పాడు. తన చెవి స్పష్టంగా కనిపించింది.

మామగారు వచ్చి సాయంచేస్తానన్నారు. ఆస్పత్రిలో కట్టు తీసి నల్లకళ్ళద్దాలు ఇచ్చారప్పటికి. ఎండలో కారు వెనక నిలబడి, "వెలిగిందనుకుంటా" అన్నారు.

"అనుకోవడం కాదు మామయ్యగారూ. వెలిగిందా లేదా?"

"వెలగడానికేం, వెలిగే ఉంటుంది."

పెద్దల్లుడు లోపలికెళ్ళి పెళ్ళాన్ని పిలిచాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"నేను రాను."

"ఒక్క నిమిషం పనే."

"కారు ఎవరిది? మీ ఇద్దరిదీ. రెండో ఆయన్ని పిలవండి. మా చెల్లీ నేనూ మాట్లాడుకున్నాం. ఇకమీదట మీ మాటలు మేం మొయ్యం. ఇన్నాళ్ళూ మీరు తిట్టినవన్నీ పొగడ్తలుగా మార్చి చెప్పీ చెప్పీ, నేను చెప్పేది ఏది నిజమో నాకే తెలియకుండా పోయింది. మా నాన్నకేమైనా అయ్యుంటే ఆ కబురు కూడా మా చేతే పంపేవాళ్ళా?"

అతను ఒక తువ్వాలు తీసి మడతపెట్టబోయాడు. ఆవిడ అది లాక్కుంది.

ఆదివారం పొద్దున కారు ఎంతకీ రాకపోయేసరికి చిన్నల్లుడు పెళ్ళాంతో కలిసి దాన్ని తీసుకెళ్ళడానికి నడిచి వచ్చాడు. మరదలు ఎవరివైపూ చూడకుండా తిన్నగా లోపలికెళ్ళింది. గేటు దగ్గర ఇద్దరు మగవాళ్ళు మిగిలారు. మధ్యలో కారు.

పెద్దల్లుడు గొంతు సవరించుకుని, కారుతో చెప్పినట్టుగా, "బ్రేకు తొక్కుతాను. వెనకనుంచి చూడాలి" అన్నాడు.

చిన్నల్లుడు కారు వెనక్కి నడిచాడు.

"తొక్కాను" అన్నాడు పెద్దల్లుడు లోపల్నుంచి.

వెనకనుంచి రేడియో గొంతు వినిపించింది. "కుడివైపు వెలుగుతోంది. ఎడమవైపు చెదురుమదురుగా వెలుగుతోంది."

"అంటే?"

"వెలిగి ఆరుతోందన్నయ్యగారూ. బల్బు సరిగ్గా కూర్చున్నట్టు లేదు."

పెద్దల్లుడు దిగి, ఎడమ లైటు విప్పి, బల్బు తీసి మళ్ళీ నొక్కి తిప్పాడు. కూర్చున్నప్పుడు వేలికి చిన్న టక్కు తెలిసింది. ఈసారి చిన్నల్లుడు తొక్కాడు, పెద్దల్లుడు చూశాడు. రెండూ ఎర్రగా, సమంగా వెలిగాయి. అతను అవసరమైనదానికంటే ఎక్కువసేపే వాటివైపు చూస్తూ నిలబడ్డాడు.

"వదిలెయ్యనా?"

"వదిలెయ్. కాదు, ఇంకోసారి తొక్కు."

ఎలాగూ చూస్తున్నాం కదా అని ఇండికేటర్లు కూడా చూశారు. రివర్సు లైటు చూశారు. డిక్కీలో స్టెప్నీ నొక్కి చూస్తే మెత్తగా లోపలికిపోయింది. ఆ టైరు సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఆఖరికి బానెట్ ఎత్తారు. చిన్నల్లుడు పక్కనున్న నూనె డబ్బా అలవాటుగా తీసుకుని, ఇంజన్‌మీద నూనె పోసేచోట మూత తీశాడు.

"ఏంటది?" అన్నాడు పెద్దల్లుడు.

"నూనె. వారంవారం పోస్తాను కదా."

"నువ్వు పోస్తావా?"

"పొయ్యకపోతే ఎలా? మీరెటూ..." అని అతను ఆగిపోయాడు. "మీరూ పోస్తారా?"

పెద్దల్లుడు పుల్ల లాగి గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీశాడు. కారు రాత్రినుంచి కదల్లేదు, చల్లగా ఉంది. నూనె పై గుర్తు దాటి, పుల్ల మెడదాకా ఉంది. పొగంతా ఆ ఎక్కువైన నూనెదే. ఇద్దరూ ఆ పుల్లని చాలాసేపు చూశారు.  ఎవరు ఏమన్నా ఇద్దరికీ తగులుతుంది.

పెద్దల్లుడు పొట్టివాడు కాబట్టి కారు కిందికి అతనే దూరాడు. మైనం కరిగించే పాత పళ్ళెం కింద పెట్టి, బోల్టు వదులుచేసి, నల్లటి నూనె కొంచెం కొంచెంగా దించాడు. చిన్నల్లుడు పైన పుల్ల తీస్తూ, తుడుస్తూ, చదివి వినిపించాడు. "ఇంకా గుర్తుకి పైనే ఉంది. తగ్గుముఖం పట్టింది. గుర్తు దగ్గరికి వస్తోంది. చాలన్నయ్యగారూ, చాలు."

కింద ఒక మనిషి పడుకుని నవ్వుతున్న చప్పుడు వినిపించింది. పైనున్నతను నవ్వలేదు గానీ, తర్వాతి వార్త చదవడం కాస్త ఆలస్యమైంది.

ఇద్దరూ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి అక్కాచెల్లెళ్ళిద్దరూ కారెక్కి కూర్చుని ఉన్నారు. మామగారు వెనక సీట్లో ఉన్నారు.

"ఎక్కడికి?" అన్నాడు పెద్దల్లుడు.

"ఎక్కడికో ఒకచోటికి" అంది పెళ్ళాం. "సీటు నాకు సరిపోయింది."

కారు కదిలింది. పొగ ఇంకా కొంచెం వస్తోంది గానీ, మునుపటంత లేదు. వీధి చివర లైట్లు రెండూ ఎర్రగా వెలిగాయి. వెలిగి, అలాగే ఉండిపోయాయి. కారు కదలడం లేదు.

"నూనె పోసేచోట మూత పెట్టావా?" అన్నాడు పెద్దల్లుడు.

"మీరు పెట్టారనుకున్నాను."

ఇద్దరూ పరుగెత్తారు. పెద్దల్లుడు పెళ్ళయ్యాక పరుగెత్తడం అదే మొదలు. ఆయాసపడుతూ వెళ్ళి కిటికీ పట్టుకుంటే పెద్దకూతురు అద్దం దించింది. ముందు ఒక కుక్క రోడ్డు మధ్య పడుకుని ఉంది. మామగారు వెనకనుంచి "తప్పుకోమను" అంటున్నారు.

"బానెట్ ఒకసారి తెరువు" అన్నాడు పెద్దల్లుడు.

తెరిచింది. మూత ఉంది, గట్టిగా బిగించి ఉంది. ఎవరు పెట్టారో ఇద్దరికీ గుర్తు రాలేదు. బానెట్ దించి, సరిగ్గా పడిందో లేదో ఇద్దరూ చెరోవైపునుంచి నొక్కి చూశారు. ఈలోగా కుక్క లేచి వెళ్ళిపోయింది. కారు మలుపు తిరిగింది.

ఇద్దరూ ఇంటివైపు నెమ్మదిగా నడిచారు. చాలాదూరం ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడ్డానికి కారు కూడా లేదు మరి. గేటు కనబడుతుండగా పెద్దల్లుడు ఆకాశంవైపు చూసి, "రేపు వాన పడుతుందా?" అన్నాడు.

"రేడియోలో పడదని చదివాను."

"అది కాదు. నిజంగా?"

చిన్నల్లుడు నిలబడి, తలెత్తి, మబ్బుల్ని శ్రద్ధగా చూశాడు.

"పడుతుందన్నయ్యగారూ" అన్నాడు మామూలు గొంతుతో.